ఆకాశరామన్న మాటలకు ఫొటో తీయాలంటే: ముందు కాగితం, తర్వాత చేతులు, ఆఖర్న కెమెరా

మీరు అడిగింది ఇదీ. దారిన పోయేవాళ్ల చేత పేరు లేకుండా ఒక మాట రాయించి, ఆ కాగితం చేతిలో ఉండగా ముఖం రాకుండా ఫొటో తీసి, ఆ ప్రింట్లు ఇంకెవరికో దొరికేలా వేరేచోట్ల వదలాలని మీ ఆలోచన. ట్రయల్‌గా తీసిన 20 ఫొటోల్లో సగం చదవడానికి రాలేదు. మర్నాడు ఒకావిడ తన ఫొటో తీసేయమని కబురు పెడితే ఆమెది ఏదో తేల్చుకోలేకపోయారు. ఇంకొకాయన్ని వేలి ఉంగరం చూసి స్నేహితులు పట్టేసుకున్నారు. చివర్లో, ఏ కెమెరా కొనమంటారని అడిగారు.

ఏదీ కొనకండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కెమెరా తప్పు కాదు. మూడూ షట్టర్ నొక్కకముందే జరిగిపోయాయి. రాసినవాళ్ల వివరాలు ఫొటోలోకి, ఫైల్లోకి రానిచ్చి, ఆ తర్వాత ఎడిటింగులో దాచబోతే ఎక్కడో ఒకచోట బయటపడతాయి. అసలు రాకుండా చూసుకోవడమే పని.

అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న సరిచూసుకోండి. "మీ మనసులో మాట రాయండి" అంటే జోకులు, సూక్తులు, ప్రేయసి పేర్లు వస్తాయి. ప్రశ్న ఇరుకుగా ఉంటేనే జవాబు లోతుగా వస్తుంది. "ఈ నెలలో నోటిదాకా వచ్చి మింగేసిన మాట ఏది?", "ఎవరికీ చెప్పుకోని ఒక క్షమాపణ" లాంటివి పనిచేస్తాయి. ఫ్రాంక్ వారెన్ అనే అమెరికన్ 2004లో వాషింగ్టన్ ప్రాంతంలో 3,000 ఖాళీ పోస్టుకార్డులు అపరిచితులకు పంచి మొదలుపెట్టిన పోస్ట్‌సీక్రెట్‌లో షరతులు రెండే: రాసింది నిజమై ఉండాలి, ఇంతకుముందు ఎవరికీ చెప్పనిదై ఉండాలి. మన దగ్గర మూడోది కూడా కలపమంటాను: మాట మీ గురించే ఉండాలి, పక్కవాడి గురించి కాదు. ఆకాశరామన్న ఉత్తరం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఫిర్యాదే కదా. ఆ షరతు లేకపోతే పదింట్లో రెండు మూడు కార్డులు పక్కింటివాళ్ల మీదో, ఆఫీసులో పైవాడి మీదో చాడీలై కూర్చుంటాయి.

ఇక చదవడానికి రాకపోవడం. ఇది లెక్క తప్పడమే, ఫోకస్ సంగతి తర్వాత. 4×6 అంగుళాల ప్రింటు అడ్డంగా దాదాపు 15 సెం.మీ. ఏ4 కాగితాన్ని అడ్డంగా పట్టుకుంటే 29.7 సెం.మీ. అది ఫ్రేములో సగం వెడల్పు నింపిందనుకుంటే ప్రింటులో ఏడున్నర సెం.మీ.కు దిగుతుంది, అంటే నాలుగో వంతు. అచ్చక్షరంలా హాయిగా చదవాలంటే ప్రింటు మీద అక్షరం 3 మి.మీ. అయినా ఉండాలి. కాబట్టి కాగితం మీద 12 మి.మీ. ఇది ఒట్టి అక్షరం ఎత్తు. గుడులు, ఒత్తులు కలపలేదు.

ఇంగ్లిషులో చేసిన ప్రాజెక్టులు చూసి కొలతలు ఎత్తుకొచ్చినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. తెలుగు వరస పైనా చోటడుగుతుంది, కిందా అడుగుతుంది. "స్త్రీ" అని రాసి చూడండి: పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి. ఒట్టి అక్షరానికి రెండున్నర రెట్లు ఎత్తు ఆ ఒక్కటే తినేస్తుంది. వరసకూ వరసకూ మధ్య 34 మి.మీ. ఇవ్వకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద ఎక్కి కూర్చుంటుంది. ఏ4 ఎత్తు 21 సెం.మీ.; పైనా కిందా రెండేసి వదిలితే 17. అంటే అయిదు వరసలు, వరసకు పదిహేను అక్షరాలు, మొత్తం మీద పన్నెండు పదిహేను మాటలు. అంతకుమించి రాయాలన్నవాళ్లను మాట కుదించమనండి, అక్షరం చిన్నది చేయనివ్వకండి. 34 మి.మీ. ఎడంతో లేత పెన్సిల్ గీతలు ముందే గీసి ఉంచితే సగం తంటా తప్పుతుంది. అయినా మొదటి మూడు వరసలు ధారాళంగా రాసి, చోటు చాలక అసలు మాటను చివరి మూలలో ఇరికించడం అందరూ చేసేదే. చిత్తు కాగితం ఒకటి ఇచ్చి ముందు దాని మీద రాయించండి. ఆ చిత్తు కాగితం వాళ్లనే పట్టుకుపొమ్మనండి, మీ బల్ల మీద మిగలకూడదు.

పెన్ను విషయానికొస్తే, గుండ్రటి మొన 2 మి.మీ. మార్కర్ సరిగ్గా సరిపోతుంది. బాల్‌పెన్ గీత అర మి.మీ., ప్రింటులో అది 0.12 మి.మీ.కు పడిపోయి వెంట్రుకలా మాయమవుతుంది. మీ ఫొటోల్లో చదవలేకపోయినవి బహుశా ఇవే. అలాగని 5 మి.మీ. చదును మొన మార్కర్ ఇస్తే ఇంకో గోల: 'థ'లో చుక్క, 'ష' లోపలి గీత పూడుకుపోతాయి, 'ప' తలకట్టు పక్కకు అంటుకుని 'వ' అయిపోతుంది. "పాపం" కాస్తా "వావం" అవుతుంది. రంగు నలుపు, లేదా ముదురు నీలం. ఎరుపు చేతిలో చూస్తే బాగానే ఉంటుంది గానీ నీడలో తీసిన ఫొటోలో వెలసిపోతుంది. మామూలు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితం గాలికి వంగుతుంది, వెనక నుంచి వెలుగొస్తే వేళ్ల నీడలు అక్షరాల మీద కనబడతాయి. 200 నుంచి 250 జీఎస్‌ఎం మెరుపు లేని అట్టకాగితం తీసుకోండి. ప్లాస్టిక్ పూత బోర్డు, తుడిచే వైట్‌బోర్డు వద్దు. వాటి మీద ఆకాశం తెల్ల మచ్చలా పడుతుంది, పైగా ఎదుట నిలబడ్డవాళ్ల ముఖాలు అద్దంలోలా మెరుస్తాయి.

ఇంకో చిన్న జాగ్రత్త. కార్డులు ప్యాడ్‌లా కట్టగట్టి ఇవ్వకండి. మార్కర్‌తో కాకపోయినా పెన్నుతో నొక్కి రాస్తే కింది కాగితం మీద అచ్చు పడుతుంది, పక్క నుంచి టార్చి వేస్తే చదివేయొచ్చు. ఒక్కొక్క కార్డు విడిగా, గట్టి అట్ట మీద పెట్టి ఇవ్వాలి.

కెమెరా దగ్గర చెప్పాల్సింది కొంచెమే. తెల్ల కాగితం ఎక్కువున్న ఫ్రేమును కెమెరాలోని వెలుగు కొలిచే మీటరు చాలా వెలుగనుకుని తగ్గించేస్తుంది, కాగితం బూడిదరంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 1 నుంచి ప్లస్ ఒకటింబావు పెట్టండి. వెలుగు కొలతలో (0 నలుపు, 255 తెలుపు) కాగితం 235 దగ్గర ఉంటే సరి, అక్కడక్కడ 255 తాకితే సన్నగీతలు కరిగిపోతున్నట్టు లెక్క. నేరుగా ఎండలో తీయొద్దు. చెట్టు నీడో, వరండానో చూసుకోండి. నీడలో కాగితం నీలంగా తేలుతుంది, వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే రంగు సెట్టింగు) 7,000 కెల్విన్ చుట్టూ పెట్టండి, లేదా ఖాళీ కార్డు చూపించి సెట్ చేసుకోండి. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మి.మీ. లెన్సుతో 1.3 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 60 సెం.మీ. వస్తుంది, అంటే ఏ4 సగం నింపుతుంది. అదే దూరంలో లెన్సు బాగా తెరిచి ఎఫ్ 1.8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం అయిదు సెం.మీ.; కాగితం కొంచెం ఏటవాలుగా పట్టుకున్నారంటే ఒక పక్క అక్షరాలు మసకే. ఎఫ్ 5.6 దగ్గర ఆ మందం 15 సెం.మీ. దాకా వస్తుంది. షట్టర్ సెకనులో 250వ వంతు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు, అపరిచితుల ముందు తన మాట పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఫోకస్ చుక్క ఖాళీ తెలుపు మీద కాకుండా అక్షరం అంచు మీద పెట్టండి. ఫోనైతే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, కాగితం అంచును వెనకభాగం అనుకుని చెరిపేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు: చేతులు.

ముఖం రాకపోతే చాలనుకోవడం పెద్ద పొరపాటు. ఉంగరం, గాజులు, గడియారం, పచ్చబొట్టు, గోరింటాకు, మెడలో ఐడీ కార్డు తాడు, సంచీ, చెప్పులు: తెలిసినవాళ్లకు వీటిలో ఒక్కటి చాలు. అపరిచితులు గుర్తుపట్టరు నిజమే, కానీ రాసినవాళ్లు భయపడేది అపరిచితులకు కాదు, ఇంట్లోవాళ్లకు. వేలిముద్రలు కూడా వట్టి సినిమా భయం కాదు. 2014లో జర్మనీ రక్షణమంత్రి బొటనవేలి ముద్రను మామూలు ఫొటోల నుంచే తయారుచేసి ఒక హ్యాకర్ల సదస్సులో చూపించారు. వేళ్ల మెత్తలు కాగితం వెనక, బొటనవేళ్ల గోళ్లు ముందు కనబడేలా పట్టుకోమని చెప్తే ఈ బాధ పోతుంది.

ఉంగరాలు తీయించడం, చొక్కా చేతులు కిందికి లాగించడం కుదురుతుంది గానీ, అది చేసేసరికి మనిషి బిగుసుకుపోతారు. అంతకన్నా మంచి దారి ఒకటుంది, నా ఓటు దానికే: రాసినవాళ్లను వాళ్ల కార్డు పట్టుకోనివ్వకండి. రాసి పెట్టెలో వేస్తారు. కలిపిన పెట్టెలోంచి వేరే కార్డు తీసి, చదివి, ఇష్టమైతే దాన్ని పట్టుకుంటారు. ఫొటోలో ఉన్నది ఆ అపరిచితుడి మాట, ఈ అపరిచితుడి చెయ్యి. ఇక ఉంగరం కనబడినా, పచ్చబొట్టు కనబడినా ఏమీ తేలదు. పైగా ఎవరిదో బరువు ఇంకెవరో కాసేపు మోస్తున్నట్టు, మీరు ప్రింట్లు వదలాలనుకున్న ఉద్దేశం ఫొటోలోనే కనబడుతుంది.

దీనికి పద్ధతి కావాలి. పెట్టెలో ఎప్పుడూ పన్నెండు కార్డులకు తక్కువ ఉండకూడదు, లేకపోతే ఇప్పుడే వెళ్లినామెదే ఇదని రెండోవాళ్లు ఊహిస్తారు. మొదటి పన్నెండూ మీ బృందం, మీ స్నేహితులు నిజంగా రాసినవి ముందురోజే వేయాలి. కల్పించి రాసినవి వేయకండి, చదివేవాళ్లకు తేడా తెలిసిపోతుంది. కార్డులన్నీ ఒకేలా ఉండాలి, మడవకూడదు, మడిచిన తీరు కూడా ఆనవాలే. చీలిక వెడల్పు 22 సెం.మీ. ఉంటే ఏ4 అట్ట నిలువుగా జారుతుంది. పట్టుకునేవాళ్లకు మాట నచ్చకపోతే వెనక్కి వేసి ఇంకోటి తీసుకునే హక్కు మూడుసార్లు ఇవ్వండి. ప్రింటు వెనక "పట్టుకున్నవారు రాసినవారు కారు" అని తప్పకుండా ఉండాలి. అది లేకపోతే పాపం పట్టుకున్నవాళ్లకు చుట్టుకుంటుంది.

దీంతో పోయేది కూడా ఒకటుంది, దాచడం ఎందుకు. గిలియన్ వేరింగ్ అనే బ్రిటిష్ కళాకారిణి 1992–93లో లండన్ వీధుల్లో జనం చేత కాగితాల మీద రాయించి తీసిన ఫొటోల్లో బలమంతా ముఖానికీ మాటకీ మధ్య ఉన్న పొంతన లేనితనంలో ఉంది. సూటు వేసుకుని చిన్నగా నవ్వుతున్న యువకుడి చేతిలో తన నిస్సహాయత చెప్పే కాగితం. ముఖం తీసేశాక ఆ బలం ఇంకోచోట నుంచి రావాలి. చేతులు రకరకాలుగా ఉండనివ్వండి: పిండి అంటిన చేతులు, సిరా మరకల చేతులు, ముసలి చేతులు. అందరినీ ఒకే తెల్లగోడ ముందు నిలబెడితే పాస్‌పోర్టు ఫొటోల వరస అవుతుంది.

చేతిరాత గురించి ఇంకా దిగులుపడేవాళ్లుంటారు. వాళ్ల కార్డును బృందంలో ఒకరు తిరగరాసి, మొదటిది వాళ్ల ఎదుటే చింపేయండి.

తీసేయమన్న ఆవిడ విషయం. సంతకం తీసుకుంటే అజ్ఞాతం పోయింది, తీసుకోకపోతే ఎవరిదో తెలియదు. ఈ ముడి విప్పేది చింపుడు చీటీ. ప్రతి కార్డు అంచున రెండు చీటీలు, మూడింటి మీదా ఒకే ఆరంకెల నంబరు. ఒక చీటీ రాసినవాళ్లకు, రెండోది పట్టుకున్నవాళ్లకు. ఎవరు నంబరు పంపి వద్దన్నా ఫొటో పోతుంది. పేరు అడగక్కర్లేదు, కారణం అడగకూడదు. నంబర్లు 1, 2, 3 అని వరసగా వేయకండి, వరస అంటే సమయం, సమయం అంటే మనిషి. చెల్లాచెదురు అంకెలు వేయండి. కార్డు ముందువైపు ఫొటో తీయగానే వెనక్కి తిప్పి నంబరు ఒక ఫ్రేము తీస్తే, సాయంత్రం ఫైళ్ల పేర్లు నంబర్లతో మార్చుకోవడం పది నిమిషాల పని. గడువు చీటీ మీదే అచ్చువేయండి, రెండు వారాలు చాలు. ప్రింటు చేతులు మారాక వెనక్కి తేలేమని కూడా ముందే చెప్పాలి. తీసేయడమంటే రా ఫైలు (కెమెరా తీసిన అసలు ఫైలు), బ్యాకప్పు, క్లౌడు మూడింట్లోంచీ తీసేయడం. అందుకే ఆ రోజు ఫోన్లలో ఫొటోలు వాటంతటవే క్లౌడుకి ఎక్కడం ముందే ఆపేయండి.

అదే చీటీ మీద, చిన్నక్షరాల్లో కాకుండా, మీ ప్రాంతంలో పనిచేసే మానసిక సహాయ ఫోన్ నంబరు కూడా వేయండి. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని రాసిన కార్డు పెట్టెలో దొరికితే, రాసింది ఎవరో మీకు తెలిసే దారి లేదు. ఈ పద్ధతి అలాగే కట్టుకున్నాం. కాబట్టి సాయం కార్డుతో పాటే ముందుగా చేతికి అందాలి. రాస్తూ ఎదుటే కన్నీళ్లు పెట్టుకుంటే కెమెరా పక్కన పెట్టి మాట్లాడటానికి బృందంలో ఒక మనిషి ఖాళీగా ఉండాలి. ప్రాణం తీసుకునే మాటలు, బెదిరింపులు, పేర్లు, ఫోన్ నంబర్లు, పిల్లలు రాసినవి ఫొటో దాకా వెళ్లకూడదు. అందుకని పెట్టెలోంచి ఇంకొకరి చేతికి వెళ్లే ముందే ప్రతి కార్డునూ ఒకరు చదవాలి, ఆ ఒకరు రాయించినవాళ్లు కాకూడదు.

ఫైళ్ల దగ్గర చాలామంది సగం చేసి వదిలేస్తారు. జీపీఎస్ ఆపడం సరే, ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైల్లోనే కెమెరా రాసి ఉంచే వివరాల్లో) తీసిన సమయం, కెమెరా సీరియల్ నంబరు కూడా ఉంటాయి. ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో ఎగుమతి చేసేటప్పుడు మెటాడేటా ఏదీ వద్దని ఎంచుకుని, బయటికొచ్చిన ఫైలును మళ్లీ తెరిచి చూడండి. మెసేజ్ యాప్‌లలో ఫొటోగా పంపితే ఆ వివరాలు సాధారణంగా రాలిపోతాయి, అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే అన్నీ వెంట వెళ్తాయి. ఫోన్లోనే కత్తిరించి పంపడం నమ్మకండి: 2023లో ఒక రకం ఫోన్ల ఎడిటింగు టూల్‌లో కత్తిరించిన భాగం ఫైలు అడుగున అలాగే మిగిలిపోతోందని బయటపడింది. ఏదైనా కప్పాలంటే మసక, గళ్లు, సుడి వద్దు. సుడి తిప్పి దాచుకున్న ముఖాన్ని వెనక్కి తిప్పించి 2007లో ఇంటర్‌పోల్ బయటపెడితే, మనిషి థాయ్‌లాండ్‌లో దొరికిపోయాడు. నల్ల దిమ్మ వేసి, కొత్త ఫైలుగా ఎగుమతి చేయండి.

ప్రింట్లు మెరుపు లేని కాగితం మీద, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). 4×6కి 1,800×1,200 పిక్సెళ్లు చాలు, పెద్ద ఫైలు ప్రింటుకిస్తే ఒరిగేదేమీ లేదు. రంగు లేజర్ ప్రింటర్లలో చాలావాటికి కంటికి కనబడని పసుపు చుక్కల్లో తమ సీరియల్ నంబరు, ప్రింటు చేసిన సమయం వేసే అలవాటుంది. 2005లో వాటిని చదివి బయటపెట్టారు. రాసినవాళ్లకు దాంతో ముప్పు లేదు గానీ, మీ బృందం కూడా అజ్ఞాతంగా ఉండాలనుకుంటే ఇంక్‌జెట్ వాడండి. వదిలేచోట గోడలకు అంటించొద్దు; యజమాని అనుమతితో తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీయడం, లైబ్రేరియన్‌ని అడిగి పుస్తకాల బల్ల మీద ఉంచడం మేలు. ప్రింటు వెనక మూడోవంతు ఖాళీగా వదిలి "మీ మాట రాసి ఇంకోచోట వదలండి" అని పెట్టండి. తిరిగొచ్చేవి తక్కువే ఉంటాయి, దానికి నిరాశపడకండి.

ఇన్‌స్టాక్స్ (అక్కడికక్కడే ప్రింటు ఇచ్చే కెమెరా) వాడొచ్చా అని కూడా అనిపించొచ్చు. మినీ ఫిల్ములో బొమ్మ 62×46 మి.మీ. మాత్రమే. పై లెక్క ప్రకారం 12 మి.మీ. అక్షరం అందులో మి.మీ. పైచిలుకు అవుతుంది, చదవలేరు. దాన్ని వాడితే మాట కాగితం మీద కాక ఫిల్ము తెల్ల అంచు మీద సన్నని పర్మనెంట్ పెన్నుతో రాయించండి, ఆరేదాకా వేలు తగలనివ్వకండి. నెగెటివ్ ఉండదు కాబట్టి చేతికిచ్చే ముందే స్కాన్ చేసుకోవాలి. వాడి పారేసే కెమెరా ఎక్కడో వదిలి జనం చేతే తీయించాలనుకుంటే, 27 ఫొటోలు వస్తాయి గానీ దాని ఫోకస్ మార్చలేం, మీటరుకు దగ్గరగా ఉన్నదంతా మసకే. చెయ్యి చాచి తన కార్డు తానే తీసుకోవడం అందరూ చేసే పని, అన్నీ పోతాయి. కెమెరా మీద "ఇంకొకరు పట్టుకోవాలి, మీటరుకు పైగా వెనక్కి" అని అంటించండి.

చేతులు కూడా వద్దనేవాళ్లకు చీకట్లో వెలుగు రాత ఉంది. స్టాండు, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, 15 సెకన్లు, నల్ల బట్టలు, చిన్న టార్చి. కెమెరా వైపు తిరిగి మామూలుగానే రాస్తే ఫొటోలో తిరగబడి వస్తుంది, తర్వాత అద్దంలోలా కుడి ఎడమలు మార్చుకోవాలి. మన గుండ్రటి అక్షరాలకు ఇది బాగా నప్పుతుంది, కాకపోతే ప్రతి తలకట్టుకీ చెయ్యి ఎత్తాలి; ఎత్తిన ప్రతిసారీ టార్చిని అరచేత్తో మూయకపోతే అక్షరాల మధ్య తోకలు సాగుతాయి. 15 సెకన్లలో రెండు మాటలకు మించి రాయలేరు.

గడువు దాటాక మిగిలేవి అసలు కార్డులు, అంటే 250 జీఎస్‌ఎం అట్టల మీద జనం సొంత చేతిరాత. అవి ఎవరింట్లో ఉంటాయో, ఎప్పుడు చింపేస్తారో ఇప్పుడే తేల్చుకుని ఆ తేదీ కూడా చీటీ మీద వేయండి. మందం అట్ట కాబట్టి చిన్న ష్రెడర్లో (కాగితాలు ముక్కలు చేసే యంత్రంలో) ఇరుక్కోవచ్చు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి ముద్దచేసి పారేయడం తేలిక.